స్పెయిన్ వంట అంటూ ఒకటి లేదు: ఏ ఊళ్లో, ఏ పూట, ఏం తినాలి

స్పెయిన్ తిండి గురించి మనవాళ్లలో రెండు నమ్మకాలు బాగా పాతుకుపోయాయి. అక్కడి వంటలు కారంగా ఉంటాయన్నది ఒకటి. వెడల్పాటి పెనంలో వండే పాయేయా అనే అన్నం అక్కడి జాతీయ వంటకం అన్నది రెండోది. మొదటిది మెక్సికోతో కలగలిపేయడం వల్ల వచ్చింది. టాకోలు, నాచోలు, మొక్కజొన్న రొట్టెలు మెక్సికోవి. స్పెయిన్ ఇళ్లలో కారం వాడకం చాలా తక్కువ. మాడ్రిడ్‌లో టోర్టియా అడిగితే బంగాళాదుంపలు వేసిన మందపాటి ఆమ్లెట్ వస్తుంది. రెండో నమ్మకంలో సగం నిజం ఉంది కాబట్టి దాన్ని విప్పడం కొంచెం కష్టం. పాయేయా స్పెయిన్‌దే, అందులోనూ తూర్పు తీరంలోని వాలెన్సియా వాళ్లది. ఉత్తరాన గలీసియాలోనో అస్తూరియాస్‌లోనో పుట్టి పెరిగిన మనిషికి అది అమ్మమ్మ చేతి వంట కాదు.

దేశం మ్యాప్ ముందు పెట్టుకుంటే సంగతి తొందరగా అర్థమవుతుంది. ఉత్తరాన అట్లాంటిక్ వైపు తరచూ వానలు, పచ్చిక, ఆవులు, ఆపిల్ తోటలు. మధ్యలో ఎత్తైన పీఠభూమి. అక్కడ శీతాకాలం గట్టి చలి, వేసవిలో మాడ్చే ఎండ, పండేవి గోధుమ, పప్పుధాన్యాలు, మేసేవి గొర్రెలు. దక్షిణాన ఆలివ్ తోటలు, తూర్పు తీరంలో వరి, నారింజ. ఉత్తరాన ఉడికిస్తారు, మధ్యలో కాలుస్తారు, దక్షిణాన వేయిస్తారు అని అక్కడివాళ్లే అంటారు. ఈ నేల మీదికి మూడు పెద్ద ప్రభావాలు వచ్చి చేరాయి: అరబ్బుల వ్యవసాయం, అమెరికా ఖండాల పంటలు, చర్చి నియమాలు. ఏ పాత వంటకాన్ని తీసుకున్నా వీటిలో ఒకటి తప్పకుండా తగులుతుంది.

పాయేయా ఎవరిది

వాలెన్సియా నగరానికి దక్షిణాన ఆల్బుఫేరా అనే పెద్ద సరస్సు, దాని చుట్టూ వరి పొలాలు ఉన్నాయి. పాయేయా ఆ ప్రాంతపు పొలాల్లో పనిచేసేవాళ్ల మధ్యాహ్న భోజనం. చేతికి అందినవే అందులో పడేవి. ఈనాటికీ అసలైన వాలెన్సియా పాయేయాలో చికెన్, కుందేలు మాంసం, వెడల్పాటి పచ్చి చిక్కుళ్లు, గర్రొఫో అనే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, ఆలివ్ నూనె, కుంకుమపువ్వు, బియ్యం, నీళ్లు, ఉప్పు ఉంటాయి. కొన్ని ఊళ్లలో నత్తలు కూడా వేస్తారు. ఉల్లిపాయ వేయరు. చొరీసో అనే పంది సాసేజ్ ఊసే ఉండదు. 2016లో బ్రిటిష్ చెఫ్ జేమీ ఆలివర్ చొరీసో వేసిన పాయేయాను ట్విట్టర్‌లో పెడితే స్పెయిన్ జనం మండిపడ్డారు. బయటివాళ్లకి అది అతిగా అనిపించవచ్చు గానీ నాకు ఆ కోపం న్యాయంగానే కనిపిస్తుంది. ఈ వంటలో రుచి చూడాల్సింది అన్నాన్ని. మాంసం, చిక్కుళ్లు గంటసేపు మరిగి ఇచ్చిన రసాన్ని బియ్యం పీల్చుకుంటుంది. పొగ వాసన, వెల్లుల్లి దట్టించిన సాసేజ్ ముక్క పడితే ఆ రసం రుచి మొత్తం దాని కింద పోతుంది.

వండే పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. పలచని వెడల్పాటి పెనం, దాని కింద నారింజ కట్టెల మంట. మాంసం నూనెలో ఎర్రగా వేగాక, కూరగాయలు వేసి, నీళ్లు పోసి మరిగిస్తారు. ఆ తర్వాత బొంబా లాంటి పొట్టి గింజ బియ్యం చల్లుతారు. ఇక గరిటె పెట్టరు. కలిపితే గింజల్లోని పిండి వదిలి అన్నం ముద్దవుతుంది. సుమారు 20 నిమిషాల్లో నీళ్లు ఇంకిపోయి అడుగున సొకర్రాత్ అనే పలచని కరకరలాడే పొర పడుతుంది. ఇంట్లో అందరూ గీకి తినేది అదే. అన్నం పొర పలచగా ఉండాలి, వేలి మందం దాటితే ఆ వంట తెలిసినవాళ్లు పెదవి విరుస్తారు. సోనా మసూరితోనో బాస్మతితోనో చేస్తే రంగు వస్తుంది, రసాన్ని అంతగా తాగి కూడా విడివిడిగా నిలబడే గుణం మాత్రం రాదు.

ఒక ప్రాంతపు పొలం భోజనం దేశం మొత్తానికి గుర్తుగా మారడంలో టూరిజం పాత్ర పెద్దది. ఫ్రాంకో నియంతృత్వం నడుస్తున్న 1960ల్లో విదేశీయులు గుంపులుగా మధ్యధరా తీరానికి రావడం మొదలైంది. పర్యాటకుల కోసం రెస్టారెంట్లు ఒక స్థిరమైన ధరకు పూర్తి భోజనం పెట్టాలని ప్రభుత్వం అప్పుడే నిబంధన తెచ్చింది. పోస్టర్ మీద అందంగా కనిపించే, పెద్ద పెనంలో ఒకేసారి ఎక్కువమందికి వడ్డించగలిగే పసుపు రంగు అన్నం ఆ ప్రచారానికి బాగా కుదిరింది. దాని ఫలితం ఇవాళ బార్సిలోనా, మాడ్రిడ్ టూరిస్టు వీధుల్లో కనిపిస్తుంది: వరసగా ఒకే రకం ఫొటోల బోర్డులు, ఫ్రీజర్లోంచి తీసి వేడిచేసిన అన్నం. వాలెన్సియా వాళ్లు తమ పద్ధతిని కాపాడుకోవాలని తాపత్రయపడటానికి కారణం ఇదే. 2021లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం పాయేయాను తమ సాంస్కృతిక వారసత్వంగా అధికారికంగా ప్రకటించింది.

మంచి చోట పాయేయా అడిగితే కనీసం ఇద్దరు ఉండాలంటారు, 30, 40 నిమిషాలు ఆగమంటారు, మధ్యాహ్నం పూటే పెడతారు. రాత్రి 10 గంటలకు, ఒక్కరికి, అడిగిన 5 నిమిషాల్లో వచ్చేదాన్ని వదిలేయండి. తీరం వెంబడి ఊళ్లలో చేపలు, రొయ్యలతో చేసే పాయేయాకి కూడా మంచి సంప్రదాయం ఉంది. మాంసం, రొయ్యలు రెండూ కలిపి వండేది మాత్రం ఎక్కువగా బయటివాళ్ల కోసమే.

కాలవ నీళ్లు, బాదం పాలు

ఆ వరి అక్కడ వేళ్లూనుకోవడం వెనక అరబ్బుల కాలం ఉంది. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సైన్యాలు దాటి వచ్చాయి. 1492లో గ్రనడా లొంగిపోయేవరకు దక్షిణాన ఎక్కడో ఒకచోట వాళ్ల పాలన ఉంది. వరి, కుంకుమపువ్వు, చెరకు, వంకాయ, పుల్ల నారింజ ఆ కాలంలోనే విస్తరించాయి. పంటల కన్నా వాళ్లు ఇచ్చిన గొప్ప ఆస్తి నీటిపారుదల అని నా అభిప్రాయం. వాలెన్సియాలో నీటి న్యాయస్థానం ఒకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి ద్వారం ముందు, నల్ల అంగీలు వేసుకున్న రైతు ప్రతినిధులు కూర్చుని తూరియా నది కాలవల తగాదాలు తీరుస్తారు. విచారణ అంతా నోటిమాటే, తీర్పు అక్కడికక్కడే. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వాలెన్సియాలో పాయేయా తినే రోజు గురువారం అయితే, ముందు అక్కడికి వెళ్లి నిలబడి చూడండి. పళ్లెంలోని అన్నం వెనక ఉన్న ఏర్పాటు కళ్లముందు కనిపిస్తుంది.

దక్షిణాన మలాగాలో దొరికే ఆహోబ్లాంకో ఆ పాత రోజుల వంట. బాదం పప్పు, వెల్లుల్లి, నానబెట్టిన రొట్టె, ఆలివ్ నూనె, వెనిగర్, చల్లటి నీళ్లు కలిపి మెత్తగా రుబ్బి, మీద పచ్చ ద్రాక్షలు వేసిస్తారు. తెల్లగా, చల్లగా, కాస్త ఘాటుగా ఉంటుంది. ప్రపంచమంతా పేరున్న గాస్పాచో కూడా మొదట ఇలాంటిదే: ఎండలో పనిచేసే కూలీలు పాత రొట్టె, వెల్లుల్లి, నూనె, వెనిగర్, నీళ్లు దంచి తాగేవారు. టమాటా, క్యాప్సికం, దోసకాయ పడిన ఎర్ర గాస్పాచో చాలా తర్వాతి సంగతి, ఎందుకంటే కొలంబస్ అమెరికా చేరిన 1492కు ముందు టమాటా యూరప్‌లోనే లేదు. కోర్దోబాలో దీని తమ్ముడు సల్మొరేహో ఉంది. రొట్టె ఎక్కువ వేసి చిక్కగా చేసి, పైన ఉడికించిన గుడ్డు, హామ్ అనే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసపు ముక్కలు చల్లుతారు. నన్నడిగితే ఈ మూడింటిలో ముందు తినాల్సింది ఆహోబ్లాంకోనే. స్పెయిన్ బయట అది దొరకడం అరుదు.

మిరప వచ్చాక

అమెరికా నుంచి వచ్చిన మిరప స్పెయిన్‌లో ఒక దారి, పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చి ఇంకో దారి పట్టింది. గుంటూరు యార్డులో అమ్మే మిరప, స్పెయిన్‌లో పిమెంటోన్ అనే మిరపపొడికి వాడే మిరప వృక్షశాస్త్రం ప్రకారం ఒకే జాతి. మనం కారం కోసం రకాలు ఎంచుకుంటూ పోయాం, వాళ్లు రంగు, తీపి కోసం ఎంచుకున్నారు. అసలు ఆసక్తికరమైన తేడా ఆరబెట్టడంలో ఉంది. ఎస్త్రెమదూరా ప్రాంతంలోని లా వేరా లోయలో కోత సమయానికి శరదృతువు వానలు పడతాయి, కాయలు ఎండలో ఎండవు. అందుకని రెండంతస్తుల కొట్టాల్లో కింద ఓక్ కట్టెలు రాజేసి, పైన చెక్క పట్టీల మీద కాయలు పరచి, రోజూ చేత్తో తిరగేస్తూ సుమారు రెండు వారాలు పొగ పెడతారు. వాన వల్ల తప్పనిసరై చేసిన ఆ పని నుంచే లా వేరా పిమెంటోన్‌కి ఆ లోతైన పొగ రుచి వచ్చింది. ఎండ పుష్కలంగా ఉన్న ముర్సియాలో మనలాగే ఎండలో ఆరబెట్టేవాళ్లు. అక్కడి పొడికి పొగ వాసన ఉండదు. కొనేటప్పుడు డబ్బా మీద తీపి, మధ్యరకం, కారం అన్న మూడు రకాల్లో ఏదో చూసుకోండి. కారం రకం కూడా మన నాలుకకి సాదాగానే ఉంటుంది.

ఆ పొడి విలువ తెలియాలంటే గలీసియా వెళ్లి ఆక్టోపస్ తినాలి. పెద్ద రాగి కాగుల్లో ఉడికించి, కత్తెరతో ముక్కలు కోసి, చెక్క పళ్లెంలో వేసి, ఆలివ్ నూనె, కల్లుప్పు, పిమెంటోన్ చల్లుతారు. అంతే. విచిత్రం ఏమిటంటే ఇందులో పేరుపొందినవాళ్లు సముద్రం ఒడ్డున ఉండరు, ఓ కార్బయీన్యో అనే లోపలి ఊరివాళ్లు. ఎండబెట్టిన ఆక్టోపస్ తీరం నుంచి, నూనె, మిరపపొడి దక్షిణం నుంచి వర్తకుల దారుల్లో వచ్చి సంతలో కలుసుకున్నాయి. అదే గలీసియాలో పద్రోన్ మిరపకాయలు దొరుకుతాయి. చిన్న పచ్చి కాయల్ని నూనెలో బొబ్బలెక్కేలా వేయించి ఉప్పు చల్లుతారు. చాలా కాయలు చప్పగా ఉంటాయి, ఎప్పుడో ఒకటి చురుక్కుమంటుంది.

బంగాళాదుంప కూడా అమెరికాదే. టోర్టియా బాగా కుదరాలంటే దుంప ముక్కలు కరకరలాడకుండా, ఎక్కువ ఆలివ్ నూనెలో సన్న సెగ మీద మెత్తగా మగ్గాలి. తర్వాత నూనె వంచేసి, గిలకొట్టిన గుడ్డులో కాసేపు నాననిచ్చి, పెనంలో పోసి, పళ్లెం బోర్లించి తిరగేస్తారు. ఉల్లిపాయ వేయాలా వద్దా అని దేశం రెండుగా చీలి వాదించుకుంటుంది. నేను ఉల్లిపాయ పక్షం. గలీసియాలోని బెతాన్సోస్‌లో ఉల్లిపాయ లేకుండా, లోపల గుడ్డు జారుగా ఉండేలా చేస్తారు. పూర్తిగా ఉడకని గుడ్డు ఇష్టం లేనివాళ్లు బాగా కాల్చమని ముందే చెప్పాలి.

పంది మాంసం ఎందుకు అంతటా ఉంది

1492లోనే ఇంకో పని జరిగింది. మతం మారని యూదుల్ని దేశం నుంచి వెళ్లగొట్టారు. మతం మారిన ముస్లింల వారసుల్ని కూడా 1609 నుంచి 1614 మధ్య తరిమేశారు. మధ్యలో ఉన్న కాలమంతా ఇన్‌క్విజిషన్ అనే మత విచారణ సంస్థ నిఘా. ఎవరైనా నిజంగా క్రైస్తవులుగా మారారా లేదా అన్నది వాళ్ల వంటింటిని బట్టి కూడా అంచనా వేసేవారు. పంది మాంసం ముట్టకపోయినా, కొవ్వుకు బదులు నూనెతో వండినా అనుమానం వచ్చేది. పంది మాంసం తినడం విశ్వాసానికి బహిరంగ రుజువైంది. స్పెయిన్‌లో పప్పులో, కూరలో, సూపులో చిన్న హామ్ ముక్క తగలడానికి రుచి, చౌక, నిల్వ గుణం లాంటి కారణాలు ఉన్నాయి, వాటి పక్కన ఈ భయం కూడా ఉంది.

మాడ్రిడ్ కొసీదోలో ఈ చరిత్ర పళ్లెంలోనే దొరుకుతుంది. యూదులు శుక్రవారం సాయంత్రం నిప్పుల మీద పెట్టి, విశ్రాంతి దినమైన శనివారం తినే అదఫీనా అనే శనగల కూరే దీనికి మూలమని ఆహార చరిత్ర రాసినవాళ్లలో చాలామంది చెబుతారు. తర్వాత అందులో పంది కొవ్వు, చొరీసో, రక్తంతో చేసే మొర్సీయా సాసేజ్ చేరాయి. దీన్ని మూడు విడతలుగా వడ్డిస్తారు: ముందు రసంలో సన్న సేమ్యా వేసిన సూపు, తర్వాత కాబూలీ శనగలు, క్యాబేజీ, దుంపలు, చివరికి మాంసాలు. శీతాకాలపు మధ్యాహ్నం తినే భోజనం అది. తిన్నాక ఇక వేరే పని పెట్టుకోకండి.

హామ్‌ని స్పానిష్‌లో హమోన్ అంటారు, దాని గురించి తెలుసుకోవాల్సింది లేబుల్ రంగు. నల్ల జాతి ఇబేరికో పందుల్ని నైరుతి ప్రాంతంలోని ఓక్ అడవుల్లో శరదృతువు నుంచి చలికాలం చివరిదాకా నేల రాలిన ఓక్ కాయల మీద మేపుతారు. ఆ కాయల వల్లే కొవ్వు నోట్లో వేసుకోగానే కరుగుతుంది. 2014 నిబంధనల ప్రకారం నల్ల ట్యాగ్ అంటే నూరు శాతం ఇబేరికో జాతి, ఓక్ కాయల మేత. ఎరుపు అంటే అదే మేత, సంకర జాతి. ఆకుపచ్చ అంటే బయట తిరుగుతూ గడ్డి, దాణా తిన్నది. తెలుపు అంటే కేవలం దాణా. హబూగో, గిహుయేలో ఊళ్లు ఇందులో ప్రసిద్ధి. నల్ల ట్యాగ్ చాలా ఖరీదు, కానీ కొద్దిగా కొని చేత్తో పలచగా కోయించుకుని తింటే చాలు. మామూలు సెర్రానో హామ్ తెల్ల పందులది, ధర చాలా తక్కువ.

అదే చర్చి, ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో మాంసం వద్దంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకి ఉప్పు చేపే దిక్కయింది. అలా కాడ్ చేప స్పెయిన్ అంతటా పాకింది. శనగలు, పాలకూర, ఉప్పు కాడ్ కలిపి వండే కూర ఆ దినాలది. ఉత్తరాన బాస్క్ ప్రాంతం వాళ్ల పిల్‌పిల్ మాత్రం వంట నైపుణ్యానికి పరాకాష్ఠ: కాడ్, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఒక ఎండుమిర్చి మాత్రమే వేసి, పెనాన్ని గుండ్రంగా ఊపుతూ ఉంటే చేప చర్మంలోని జిగురు నూనెతో కలిసి చిక్కటి సాస్ అవుతుంది. హెరెస్ ప్రాంతంలో వైన్ తేర్చడానికి గుడ్డు తెల్లసొన వాడేవారు. మిగిలిన పచ్చసొనలు మఠాల్లోని సన్యాసినులకి చేరి, పంచదార పాకంతో తొసీనో దె సియేలో అనే తీపి అయింది. కొన్ని మఠాల్లో ఇప్పటికీ గోడలో తిరిగే చెక్క గూట్లోంచి మిఠాయిలు అమ్ముతారు, అమ్మే మనిషి కనపడరు.

మిగతా ప్రాంతాల్లో, టూకీగా. అస్తూరియాస్‌లో పెద్ద తెల్ల చిక్కుడు గింజలతో, సాసేజ్‌లతో చేసే ఫబాదా తినండి. సెగోవియాలో పాల పందిపిల్లని, అరందా దె దుయేరోలో గొర్రెపిల్లని కట్టెల పొయ్యిలో కాలుస్తారు. కాదిస్‌లో చిన్న రొయ్యల్ని గోధుమ పిండి, శనగపిండి జారుగా కలిపిన దాంట్లో వేసి పలచగా వేయించే తోర్తియీతాస్ మన ఉల్లి పకోడీకి దగ్గరి చుట్టంలా ఉంటాయి. తెలుగువాళ్లకి వెంటనే నచ్చేది ఇదే అని నా నమ్మకం.

శాకాహారులకు

మాంసం లేకుండా అని అడిగితే సరిపోదు, ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. చాలామంది వెయిటర్ల లెక్కలో హామ్ ముక్కలు, ట్యూనా చేప మాంసం కింద రావు. మామూలు సలాడ్‌లో ట్యూనా ఉంటుంది, రష్యన్ సలాడ్ అనే బంగాళాదుంపల మయోనైజ్‌లో కూడా ఉంటుంది. క్రొకెతాస్ అనే వేయించిన ముద్దల్లో ఎక్కువగా హామ్ ఉంటుంది. ఉడికించిన కూరగాయల పళ్లెంలోనూ హామ్ పడుతుంది. అందుకే హమోన్ (హామ్), ఆతూన్ (ట్యూనా) రెండూ పేరుపెట్టి వద్దని చెప్పాలి. చీజ్ తయారీలో పాలు గడ్డకట్టడానికి జంతువుల పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడకం మామూలు, గొర్రె పాల మంచేగో కూడా సాధారణంగా అలాంటిదే.

ఇంత చెప్పినా, ఆకలితో ఉండాల్సిన పని లేదు. సెవిల్లేలో జీలకర్ర, వెల్లుల్లి, వేయించిన రొట్టె నూరి వేసే శనగలు పాలకూర కూర ఉంది. జీలకర్ర వాసన ముక్కుకి తగలగానే మనసు కుదుటపడుతుంది. కోర్దోబాలో వంకాయ ముక్కలు వేయించి చెరకు పాకం పోసిస్తారు. కాతలోనియాలో కాల్చిన రొట్టె మీద పండిన టమాటా రుద్ది, నూనె, ఉప్పు వేస్తారు. నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికంతో ఎస్కలివాదా చేస్తారు. లా మంచాలో పిస్తో అనే టమాటా, గుమ్మడి జాతి కాయల కూర ఉంది. కెనరీ దీవుల్లో తొక్కతో ఉప్పునీళ్లలో ఉడికించిన చిన్న దుంపలకి మోహో అనే పచ్చడి నంజుకుంటారు. ఎర్ర మోహోలో ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర ఉంటాయి. స్పెయిన్ మొత్తంలో మన రుచికి అతి దగ్గరగా వచ్చేది బహుశా అదే.

వాలెన్సియా పక్కన అల్బొరాయాలో ఓర్చాతా తాగడం మరిచిపోవద్దు. చూఫా అనే చిన్న దుంపల్ని నానబెట్టి, రుబ్బి, వడకట్టి, పంచదార కలిపిన, పాలలా కనిపించే చల్లటి పానీయం. మన పొలాల్లో రైతుల్ని విసిగించే తుంగ, ఈ చూఫా ఒకే కుటుంబంలో ఒకే ప్రజాతి మొక్కలు. అక్కడ దాన్ని ఇసుక నేలల్లో ప్రత్యేకంగా సాగు చేస్తారు. పాలు, గుడ్డు ఏవీ లేని పానీయం కాబట్టి అందరూ తాగొచ్చు.

వేళలు

ఎంత మంచి జాబితా పట్టుకెళ్లినా వేళ తప్పితే దండగ. మధ్యాహ్న భోజనం 2 నుంచి 3.30 మధ్య, రాత్రి భోజనం 9 తర్వాత. 1940లో స్పెయిన్ గడియారాన్ని జర్మనీ సమయానికి మార్చారు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. కాబట్టి గడియారం సూర్యుడి కన్నా ముందు నడుస్తుంది, ఆ వేళలకి అదీ ఒక కారణం. సాయంత్రం 6 గంటలకు వంటిల్లు తెరిచి ఉన్న రెస్టారెంట్ చాలావరకు టూరిస్టుల కోసం తెరిచినదే. పనిదినాల్లో మధ్యాహ్నం మెనూ దెల్ దియా అనే స్థిర ధర భోజనం తీసుకుంటే రెండు వంటకాలు, రొట్టె, తీపి లేదా కాఫీ వస్తాయి. స్థానికులు ఆఫీసు రోజుల్లో తినేది అదే, డబ్బుకి తగ్గ తిండి కూడా అదే.

టపాస్ అంటే బార్లలో డ్రింక్‌తో పాటు తినే చిన్న వంటకాలు, వాటి విషయంలో ఊరికో పద్ధతి. సాన్ సెబాస్టియన్‌లో కౌంటర్ మీద పేర్చినవాటిలో చల్లటివి తీసుకుంటారు గానీ, బోర్డు మీద రాసి ఉన్న వేడివి అడిగి చేయించుకుంటే మేలు. ఒకే బార్‌లో కూర్చోకుండా, ఒక్కోచోట ఒక్కోటి తిని ముందుకు సాగుతారు. గ్రనడా, అల్మెరియా, లియోన్‌లలో డ్రింక్ కొంటే టపా ఉచితంగా ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. సోడా, మద్యం లేని బీరు కొన్నా ఇస్తారు. గ్రనడా బార్లలో చాలాచోట్ల ఏం పెట్టాలన్నది వాళ్ల ఇష్టం, కాబట్టి పంది మాంసం గానీ, అసలు మాంసమే గానీ తిననివాళ్లు డ్రింక్ ఆర్డర్ చేసేటప్పుడే ఆ మాట చెప్పేయాలి. ముందుగా చెబితే టోర్టియా ముక్కో, ఆలివ్‌లో, మసాలా దుంపలో తెచ్చి పెడతారు.